దూరపు గురికి మొదటి రైఫిల్: తక్కువ ఖర్చులో ఎంచుకోవడం ఎలా

వెయ్యి డాలర్ల రైఫిల్ కొని, దాని మీద నూటయాభై డాలర్ల స్కోప్ (గురిచూసే దుర్బిణీ) బిగించి, 300 యార్డులు దాటగానే తూటా ఎటు పోతోందో తెలియక తల పట్టుకునేవాళ్ళు ప్రతి రేంజిలోనూ కనిపిస్తారు. చాలాసార్లు రైఫిల్లో లోపమేమీ ఉండదు. డబ్బంతా ఒకేచోట పోసేసి ఉంటారు. ఈ ఆటలో మొదటి ఏడాది కాల్చే తూటాల ఖర్చే తరచూ రైఫిల్ ధరని దాటిపోతుంది. అందుకే కొట్టుకి వెళ్ళేముందు ఒక ప్రశ్న వేసుకోండి: నా జీతంతో ఏడాదికి వెయ్యి తూటాలు కాల్చనిచ్చే రైఫిల్ ఏది? కింద చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇది అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం. ఇండియాలో 1959 నాటి ఆయుధ చట్టం కింద లైసెన్సు లేకుండా ఇలాంటి రైఫిల్ కుదరదు. అక్కడ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తెరిచి ఉన్న దారి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, దాని లెక్కలు వేరు.

ముందు చట్టం చూసుకోండి

హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. సొంతానికి కొనడం ఒక్కటే కాదు, రేంజిలో అద్దెకి తీసుకుని కాల్చడమూ, ఫ్రెండ్ రైఫిల్ చేతిలోకి తీసుకోవడమూ ఇందులోకే వస్తాయి. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఎక్కువమంది వాడేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఈ అడ్డు లేదు. వీసా మీద ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడిగే అడుగు వేయండి. ఆ ఫీజుకి వెనకాడితే గ్రీన్‌కార్డు దరఖాస్తే చిక్కుల్లో పడొచ్చు.

డీలర్ దగ్గర కొనేటప్పుడు 4473 ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. డీలర్ దగ్గర రైఫిల్ కొనడానికి ఫెడరల్ చట్టంలో వయసు 18, కొన్ని రాష్ట్రాల్లో 21. ఇల్లినాయ్‌లో ఫాయిడ్ కార్డు (తుపాకీ యజమాని గుర్తింపు కార్డు), న్యూజెర్సీలో పర్చేజర్ ఐడీ కార్డు ముందే తీసుకోవాలి. ఫారంలో అబద్ధం రాస్తే అది విడిగా ఒక నేరం. మీ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే అయినా, వాడేవాళ్ళకి ఫెడరల్ చట్టం ఒప్పుకోదని ఆ ఫారమే చెబుతుంది.

తర్వాత రేంజి

ఇంటి నుంచి గంటన్నర లోపు ఉన్న రేంజిలన్నీ చూడండి, గరిష్ఠ దూరం ఎంతో కనుక్కోండి. క్యాలిబర్‌ని, అంటే తూటా సైజుని, తేల్చేది ఇదే. ఊరి దగ్గర రేంజిల్లో చాలావాటికి 100 లేదా 200 యార్డులే హద్దు. ఫీనిక్స్‌లో ఉంటే బెన్ ఏవరీలో 1,000 యార్డులు దొరుకుతాయి. అలబామాలోని టలడేగా పార్కులో 600 యార్డుల దాకా ఎలక్ట్రానిక్ టార్గెట్లున్నాయి, దెబ్బ ఎక్కడ తగిలిందో పక్కనున్న స్క్రీన్ మీదే కనిపిస్తుంది. న్యూమెక్సికోలో రాటన్ దగ్గరి విటింగ్టన్ సెంటర్‌కి దూరప్రాంతాల నుంచీ వస్తారు.

దగ్గర్లో 200 యార్డులే దొరికితే పెద్ద క్యాలిబర్ జోలికి పోకండి, .22 కొనండి. ఇది డబ్బుల్లేక సర్దుకోవడం అనుకోవద్దు. మామూలు .22 టార్గెట్ తూటా వేగం సెకనుకి 1,070 అడుగుల దగ్గర ఉంటుంది. 50 యార్డులకి జీరో చేసిన (గురిపెట్టిన చోటే తగిలేలా స్కోప్ సర్దిన) .22కి 200 యార్డుల దగ్గర దాదాపు 8–9 మిల్స్ (మిల్ అంటే గురిని జరిపే కోణపు కొలత) ఎత్తు ఇవ్వాలి. కింద చెప్పబోయే పెద్ద క్యాలిబర్ 6.5 క్రీడ్‌మూర్‌కి 1,000 యార్డుల దగ్గర ఇవ్వాల్సిందీ దాదాపు అంతే. గంటకి పది మైళ్ళ పక్కగాలికి జరగడమూ రెండింటికీ ఇంచుమించు రెండు మిల్స్. అంటే టరెట్ (స్కోప్ మీద గురి సర్దే గుండీ) తిప్పడం, గాలి చదవడం, లెక్క వేయడం అన్నీ అదే కొలతలో, తూటాకి పది ఇరవై సెంట్ల ఖర్చుతో వస్తాయి.

క్యాలిబర్: నాలుగే చూడండి

.22 ఎల్ఆర్: పైన చెప్పిందే. వెయ్యి తూటాలకి 100 నుంచి 200 డాలర్లు.

.223: మ్యాచ్ తూటా (పోటీలకని చేసిన రకం) డాలరు, డాలరున్నర మధ్య. తన్ను నామమాత్రం. 600 యార్డుల దాకా హాయిగా నేర్చుకోవచ్చు. ఒకటే మెలిక, బ్యారెల్ ట్విస్ట్, అంటే లోపలి గాళ్ళు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో ఆ లెక్క. దూరానికి కావలసిన 69, 77 గ్రెయిన్ల (గ్రెయిన్ బరువు కొలత) బుల్లెట్లకి 1:8 గానీ 1:7 గానీ కావాలి. పాత బోల్ట్ రైఫిళ్ళలో 1:12 ఉంటుంది. అందులో 77 గ్రెయిన్ల బుల్లెట్ నిలకడగా తిరగక, కాగితం మీద గుండ్రటి చిల్లుకి బదులు తాళంచెవి కన్నంలా పడుతుంది.

6.5 క్రీడ్‌మూర్: హోర్నడీ 2007లో తెచ్చింది. 140 గ్రెయిన్ల మ్యాచ్ తూటా సెకనుకి 2,710 అడుగుల వేగంతో బయల్దేరి వెయ్యి యార్డుల దగ్గర కూడా ధ్వని వేగానికి పైనే ఉంటుంది. పక్క నుంచి గంటకి పది మైళ్ళ గాలి వీస్తే అంత దూరంలో అయిదారు అడుగులు జరుగుతుంది. మ్యాచ్ తూటా డాలరున్నర నుంచి రెండు డాలర్లు. బ్యారెల్ రెండు మూడు వేల తూటాలకి అలసిపోతుంది. మీకు 600 యార్డులు దాటిన రేంజి ఉంటే ఇదే తీసుకోండి.

.308: 1952 నాటిది, ఎక్కడైనా దొరుకుతుంది, బ్యారెల్ అయిదు వేలు దాటినా బతుకుతుంది. కానీ అదే గాలికి 175 గ్రెయిన్ల బుల్లెట్ వెయ్యి యార్డుల దగ్గర ఎనిమిది అడుగుల దాకా జరుగుతుంది, తన్ను కూడా ఎక్కువ. ఎఫ్-టీఆర్ అనే దూరపు గురి పోటీలకి పోవాలనుంటే .308 గానీ .223 గానీ తప్పదు, ఆ విభాగంలో ఆ రెండింటికే అనుమతి. అది లేకపోతే కొత్తవాళ్ళు .308 ఎంచుకోవడానికి గట్టి కారణం కనిపించదు.

.300 విన్‌మ్యాగ్ లాంటి మ్యాగ్నమ్‌లు (ఎక్కువ శక్తి ఉన్న తూటాలు) ఊరించినా వద్దు. ఇరవై తూటాలకే భుజం బెదురుతుంది. ఆ బెదురుతో ట్రిగ్గర్ నొక్కకముందే కన్ను మూసుకునే అలవాటు పట్టుకుంటే, వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

రైఫిల్లో ఏం చూడాలి

బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగే రకం) తీసుకోండి. అదే ధరలో సెమీ ఆటోమేటిక్ కంటే నిలకడగా కొడుతుంది, చట్టపరంగా కూడా తలనొప్పి తక్కువ. ఇక ధరల సంగతి. ఇవి కొట్టుని బట్టి, సీజన్ని బట్టి వంద డాలర్లు అటూ ఇటూ అవుతాయి.

అయిదారు వందల డాలర్లలో రూగర్ అమెరికన్ ప్రిడేటర్, శావేజ్ యాక్సిస్ 2 వస్తాయి. రెండింటి బ్యారెళ్ళూ ధరకి మించి కొడతాయి. బలహీనత ప్లాస్టిక్ స్టాకులో, అంటే చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగంలో, ఉంది. బైపాడ్ (ముందు బిగించే రెండు కాళ్ళ ఆధారం) మీద పెట్టి ముందుకి కాస్త బరువు మోపగానే స్టాకు ముందుభాగం వంగి బ్యారెల్‌కి తగులుతుంది. తగిలిన ప్రతిసారీ తూటా వేరే చోట పడుతుంది. కొట్టులోనే ఒక డాలర్ నోటు తీసి స్టాకుకీ బ్యారెల్‌కీ మధ్య దూర్చి యాక్షన్ (బోల్ట్ ఉండే భాగం) దాకా లాగి చూడండి. తర్వాత ముందుభాగాన్ని వేళ్ళతో బ్యారెల్ వైపు గట్టిగా నొక్కి పట్టుకుని మళ్ళీ లాగండి. నోటు ఇరుక్కుంటే ఆ స్టాకుని ఎప్పటికైనా మార్చాల్సిందే, ఆ 150–400 డాలర్లు ఇప్పుడే ధరలో కలుపుకోండి. ఆ లెక్కన శావేజ్ యాక్సిస్ 2 ప్రెసిషన్ మేలు. లోహపు చాసీ (స్టాకు బదులు వచ్చే చట్రం), బరువైన బ్యారెల్, ఏఐసీఎస్ రకం మ్యాగజైన్లు (తూటాలు నింపే డబ్బీలు) దాంతోనే వస్తాయి.

వెయ్యి డాలర్ల చుట్టుపక్కల బెర్గారా బీ-14 హెచ్ఎంఆర్ ఉంది. స్పెయిన్ నుంచి వస్తుంది, బరువు తొమ్మిది పౌండ్ల పైమాట, వంద యార్డులకి ఒక ఎంఓఏ (సుమారు ఒక అంగుళం) లోపు తూటాల గుంపు పడుతుందని హామీ ఉంది. యాక్షన్ రెమింగ్టన్ 700 కొలతల్లోనే ఉంటుంది గనక ట్రిగ్గర్లు, స్టాకులు మార్కెట్లో కుప్పలుగా దొరుకుతాయి. ఫిన్లండ్ టికా టీ3ఎక్స్ బోల్ట్ వెన్నలా జారుతుంది, ట్రిగ్గర్‌కి వంక పెట్టలేం, కానీ మ్యాగజైన్లు ఖరీదు. జపాన్ హోవా 1500 కూడా గట్టి పిండమే. నా లెక్కలో బడ్జెట్ మొత్తం 2,000 డాలర్లయితే రూగర్ లేదా శావేజ్, 3,000 అయితే బెర్గారా.

.22లో శావేజ్ మార్క్ 2 బరువు బ్యారెల్‌ది మూడు నాలుగు వందల్లో వస్తుంది. సీజెడ్ 457, టికా టీ1ఎక్స్ ఇంకో రెండు మూడు వందలు ఎక్కువ. ఈ రెండూ జీవితాంతం ఉంచుకోదగ్గవి.

ఏ రైఫిలైనా సన్న బ్యారెల్‌ది వద్దు. వేటకి అడవిలో మోసుకెళ్ళే ఆరు పౌండ్ల రైఫిల్ మూడు తూటాలకి బాగానే కొడుతుంది, అయిదారు దాటాక బ్యారెల్ వేడెక్కి గుంపు పక్కకి పాకుతుంది. స్కోప్‌తో కలిపి 10–12 పౌండ్లు తూగేది చూడండి. ట్రిగ్గర్ రెండు, మూడు పౌండ్ల మధ్య సర్దుకునేలా ఉండాలి. బ్యారెల్ చివర మరలు ఉంటే మంచిదే. కానీ మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించే మూతి బిగింపు) బిగిస్తే పక్క బెంచీవాళ్ళ చెవులు చిల్లులు పడతాయి, 6.5కి అది అక్కర్లేదు కూడా.

పాతది కొంటుంటే బోల్ట్ తీసి, చిన్న లైటుతో బ్యారెల్ లోపల చూడండి. ఛాంబర్ (తూటా కూర్చునే గది) ముందు భాగం ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి ఉంటే బ్యారెల్ ఆయుష్షు చాలావరకు అయిపోయినట్టే. మూతి అంచున నొక్కు పడి ఉన్నా వద్దు. ట్విస్ట్ మీద అనుమానముంటే క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా గుడ్డ పెట్టి లోపలికి తొయ్యండి. రాడ్ మీద మార్కు ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి ఎన్ని అంగుళాలు లోపలికి పోయిందో అదే ట్విస్ట్. పాత రెమింగ్టన్ 700 అయితే ఇంకో మాట: 2006 మే నుంచి 2014 ఏప్రిల్ 9 దాకా తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లని కంపెనీ 2014లో వెనక్కి పిలిచింది, నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని. సీరియల్ నంబరు చూపించి, ట్రిగ్గర్ మార్చినట్టు రుజువు లేకపోతే కొనొద్దు.

స్కోప్ దగ్గర పిసినారితనం వద్దు

రైఫిల్‌కి పెట్టినదాంట్లో కనీసం సగం, వీలైతే దానంత మొత్తం స్కోప్‌కి పెట్టండి. 400 డాలర్ల దగ్గర వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ టాక్టికల్, ఆర్కెన్, ఏథ్లాన్ ఆర్గోస్ లాంటివి పని చేస్తాయి. గాజు కొంచెం మసకైనా సర్దుకోవచ్చు, టరెట్ అబద్ధం చెబితే మాత్రం నేర్చుకున్నదంతా తప్పవుతుంది.

కావలసినవి ఇవి: చేత్తో తిప్పే ఎలివేషన్ (ఎత్తు) టరెట్, పక్కన పారలాక్స్ సర్దుబాటు (కన్ను కాస్త కదిలినా గురి కదలకుండా), ఫస్ట్ ఫోకల్ ప్లేన్ (జూమ్ మార్చినా గురి గీతల కొలత మారని రకం), రెటికిలూ (స్కోప్ లోపలి గురి గీతలు) టరెట్టూ రెండూ ఒకే కొలతలో. మిల్ రెటికిల్, ఎంఓఏ టరెట్ కలిసిన స్కోప్‌లు సగం ధరకి వచ్చినా వదిలేయండి, ప్రతి తూటాకీ గుణకారం చేస్తూ కూర్చోవాల్సి వస్తుంది. మిల్ తీసుకుంటే లెక్క సులువు. వంద యార్డుల దగ్గర ఒక మిల్ 3.6 అంగుళాలు, వెయ్యి దగ్గర 36. ఒక ఎంఓఏ వంద దగ్గర 1.047 అంగుళాలు.

ఇక్కడ చాలామంది బోర్లాపడే చోటు ఒకటుంది. స్కోప్‌లో మొత్తం ఎలివేషన్ 19 మిల్స్ అని రాసి ఉంటే, చదునైన మౌంట్ (స్కోప్ బిగించే ఆధారం) మీద పైకి దొరికేది అందులో సగం, తొమ్మిదిన్నర. 6.5 క్రీడ్‌మూర్‌కి వెయ్యి దగ్గర 8.4 కావాలి. మౌంట్ కాస్త తేడాగా కూర్చుంటే ఆ తొమ్మిదిన్నరా రాదు. 20 ఎంఓఏ వాలున్న రైలు (స్కోప్ రింగులు బిగించే పట్టీ) వేస్తే 5.8 మిల్స్ కలిసొస్తాయి. చాలా రైఫిళ్ళకి అది 40–80 డాలర్లు, అంతే.

బిగించడం

ఇంచ్-పౌండ్ల టార్క్ రెంచి ఒకటి కొనండి. రింగుల పై మరలకి 15–18 ఇంచ్-పౌండ్లు చాలు, అంతకి మించితే స్కోప్ గొట్టం నొక్కుకుపోయి లోపల టరెట్ పట్టేస్తుంది. రైలు మరలకి, యాక్షన్ మరలకి తయారీదారు మాన్యువల్లో రాసిన అంకె వాడండి. రింగుల పై మరలు రెండు పక్కలా సమంగా, అడ్డంగా మార్చి మార్చి బిగించాలి.

స్కోప్ వాలకుండా ఉండటానికి గోడకి ఒక దారం కట్టి చివర బరువు వేలాడదీయండి. రైఫిల్‌ని స్పిరిట్ లెవెల్‌తో సమంగా పెట్టి, రెటికిల్ నిలువు గీతని ఆ దారంతో కలపండి. ఇది చాదస్తం కాదు. వెయ్యి యార్డుల దగ్గర 6.5 తూటా దాదాపు 300 అంగుళాలు కిందికి దిగుతుంది, అంత ఎత్తు ఇచ్చినప్పుడు ఒక డిగ్రీ వాలుకే 5 అంగుళాలు, మూడు డిగ్రీలకి 15 అంగుళాలు పక్కకి పోతుంది. దాన్ని గాలి అనుకుని సరిదిద్దుతూ పోతే లెక్క ఎప్పటికీ కుదరదు.

బైపాడ్ 6–9 అంగుళాల హారిస్ చాలు, అటూ ఇటూ వంగే రకం తీసుకోండి. వెనక స్టాకు కింద పెట్టడానికి ఇసుక లేదా ప్లాస్టిక్ పూసలు నింపిన సంచి, 30–40 డాలర్లు. ఈ సంచి లేకుండా ఎంత మంచి రైఫిలైనా ఊగుతూనే ఉంటుంది. చెవులకి ప్లగ్గులూ మఫ్‌లూ రెండూ, కళ్ళకి అద్దాలు. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసే క్యాబినెట్ ధర కూడా రైఫిల్ ధరలో భాగమే, తూటాలు వేరే చోట.

రేంజికి వెళ్ళాక

మూతి ఎప్పుడూ టార్గెట్ల వైపే, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ బయటే, సీజ్‌ఫైర్ అనగానే బోల్ట్ తెరిచి వెనక్కి జరగాలి. రేంజి ఆఫీసరు చెప్పాక మారుమాట లేదు. ఖాళీ స్థలం దొరికింది కదా అని వెనక మట్టి గుట్ట లేని చోట కాల్చకండి, ఈ తూటాలు మైళ్ళ దూరం పోతాయి.

25 లేదా 50 యార్డుల దగ్గర బోల్ట్ తీసి, బ్యారెల్లోంచి టార్గెట్ చూస్తూ స్కోప్‌ని అటే తిప్పండి. అక్కడ రెండు తూటాలు కాల్చి సరిచేసి 100కి వెళ్ళండి. 100 దగ్గర మూడు నాలుగు రకాల మ్యాచ్ తూటాలు ఒక్కో పెట్టె చొప్పున ప్రయత్నించండి. ఒక్కో దాంతో పది తూటాలు, మధ్యలో బ్యారెల్ చల్లారనిస్తూ. మూడు తూటాల గుంపు చూసి మురిసిపోవద్దు, ఏ రైఫిలైనా అప్పుడప్పుడూ మూడింటిని ఒక చోట పడేస్తుంది. పది తూటాలు ఒకటింబావు, ఒకటిన్నర అంగుళంలో పడితే ఈ ధరకి అది మంచి రైఫిలే. ఎఫ్-క్లాస్ దూరపు గురి పోటీల్లో వెయ్యి యార్డుల దగ్గర పది మార్కుల వలయం అడ్డంగా పది అంగుళాలే, అంటే సుమారు ఒక ఎంఓఏ. కాబట్టి ఆ రైఫిల్‌తో మొదటి రెండేళ్ళలో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం గాలి చదవలేక పోయేవే.

గుంపు రెండు అంగుళాలు దాటితే రైఫిల్‌ని తిట్టేముందు వరసగా చూడండి: రింగు మరలు, రైలు మరలు, యాక్షన్ మరలు, స్టాకు బ్యారెల్‌కి తగలడం, ఆ తర్వాత తూటా. వదులైన రైలు మర చాలాసార్లు దోషిగా తేలుతుంది.

తూటా రకం తేలాక అదే లాట్ నంబరువి (ఒకే విడతలో తయారైనవి) 200 కొనిపెట్టుకోండి. తర్వాత ఎలివేషన్ పరీక్ష. 100 యార్డుల దగ్గర నాలుగడుగుల అట్ట మీద బరువు దారం సాయంతో నిలువు గీత గీసి, అడుగున చుక్క పెట్టండి. చుక్కకి గురిపెట్టి మూడు కాల్చండి. టరెట్ పది మిల్స్ తిప్పి, గురి అదే చుక్క మీద ఉంచి మళ్ళీ మూడు. రెండు గుంపుల మధ్య 36 అంగుళాలు ఉండాలి. దూరం టేపుతోనో రేంజ్‌ఫైండర్‌తోనో ముందే కొలుచుకోవాలి, రేంజిల్లో వంద అని రాసినవన్నీ వంద కావు. 35.3 వస్తే స్కోప్ రెండు శాతం తక్కువ తిరుగుతున్నట్టు, ఆ అంకెని బాలిస్టిక్ యాప్‌లో (తూటా ఎంత దిగుతుందో లెక్కగట్టే యాప్) వేయండి. రెండో గుంపు నిలువు గీత పక్కకి జరిగితే స్కోప్ వాలుగా బిగించారన్నమాట, రింగులు విప్పాల్సిందే.

వేగం కొలవడానికి క్రోనోగ్రాఫ్ కొనక్కర్లేదు, రేంజిలో ఎవరినైనా మర్యాదగా అడిగితే పది తూటాలకి ఇస్తారు. పెట్టె మీద రాసిన వేగం వాళ్ళ టెస్టు బ్యారెల్‌ది. మీ 22 అంగుళాల బ్యారెల్లో కొంత తగ్గుతుంది. 30 అడుగుల తేడాకే వెయ్యి యార్డుల దగ్గర 6.5 తూటా ఏడెనిమిది అంగుళాలు దిగువకి పడుతుంది. ఆ వేగాన్ని యాప్‌లో పెట్టి 300కి వెళ్ళండి, అక్కడ యాప్ చెప్పినదానికీ పడినదానికీ తేడా 0.1 మిల్ లోపు ఉంటే 500, ఆ తర్వాత 600. తేడా దూరంతో పాటు పెరుగుతూ ఉంటే ముందు వేగం అంకెని సరిచేయండి, జీరోని ముట్టుకోవద్దు.